అమ్మ పక్కన చోటు

జైలు, విజయవాడ
జులై

అక్కకి,

ఈ ఉత్తరం మా లాయరు జయకృష్ణ గారి గుమాస్తా తెచ్చి నీ చేతికే ఇస్తాడు. చదివిన వెంటనే పొయ్యిలో పెట్టు. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు, పోస్టులో వెయ్యొద్దు. ఇక్కడికొచ్చే ప్రతి కాగితమూ జైలర్ చదువుతాడు.

పేపర్లు చూసే ఉంటావు. ‘ఐజీ బాలశౌరి అరెస్టు’ అని మొదటి పేజీలో నా ఫొటో వేసి పండగ చేసుకుంటున్నారు. పోయినేడు ఇవే పేపర్లు ‘బెజవాడ సింహం’ అని రాశాయి. ముప్పై ఏళ్ళ పైచిలుకు సర్వీసు. ఓడలు బళ్ళవడం అంటే ఏమిటో ఇప్పుడు తెలిసొచ్చింది. నీ మరదలు సుస్మిత హైదరాబాద్ పుట్టింటికి వెళ్ళిపోయింది, ఒక్కసారి కూడా ములాఖత్‌కి రాలేదు. జెస్సికా, నా కన్నకూతురు, లాయరు ఫోను కూడా ఎత్తడం లేదట. సరే, నాకెవరూ అక్కర్లేదు. నీతో ఒక్క పనుంది.

సాయిగణేష్ అని నా కింద పనిచేసిన సీఐ ఒకడు నన్ను ఇరికించాడు. వాడి స్టేషన్లో ఎవడో చచ్చిపోతే, పట్టుబడ్డాక, “ఐజీ గారు ఫోన్లో చెప్పినట్టే చేశాను” అని వాగాడు. వాడు చెప్పే రోజు రెండేళ్ళ కిందటి సమాధుల పండగ. ఆ సాయంత్రం నేను మన ఊళ్ళో, అమ్మ సమాధి దగ్గర, ఊరందరి కళ్ళముందూ ఉన్నాను. నా ఫోను నుంచి వాడికి కాలు వెళ్ళలేదు. నీ ఫోను నుంచి మాత్రం ఒకటి వెళ్ళింది. వాళ్ళకి దొరికింది అదొక్కటే.

దర్యాప్తువాళ్ళు నీ దగ్గరికి వస్తారు. “ఆ ఫోను నేనే చేశానండీ, మా పొలం నీటి బోదె గట్టు తగువు గురించి సీఐ గారిని అడుగుదామని చేశాను” అని చెప్పు. అంతే. ఎక్కువ మాట్లాడకు. అది నీకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు. ఈ మాట నువ్వు చెబితే సాయిగణేష్ అబద్ధాలకోరవుతాడు, నేను బయటికొస్తాను. చెప్పకపోతే నాకు యావజ్జీవం.

పనిలో పని, నా సమాధి రాయి మీద పక్షులు రెట్టలు వేస్తుంటాయి. పాలేరు చేత తుడిపించు. నల్లరాయి, మరకలు పడితే పోవు.

బాలశౌరి, ఐ.పి.ఎస్.

*

మన ఊరు, వయా చల్లపల్లి
జులై

శౌరీ,

నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పినట్టే పొయ్యిలో పెట్టాను. గ్యాసు పొయ్యి కదా, వంటిల్లంతా పొగ. జవాబు మాత్రం పోస్టులోనే వేస్తున్నా. ఆ గుమాస్తా గుమ్మంలో నిలబడి “త్వరగా రాసివ్వండమ్మా, బస్సుంది” అంటుంటే నాకు ఒళ్ళు మండుకొచ్చింది. నా తమ్ముడికి ఉత్తరం రాసుకోడానికి ఎవడి అనుమతి కావాలి? చదువుకుంటే చదువుకోనీ. జైలర్ గారూ, నమస్కారమండీ. మావాడు సరిగ్గా తింటున్నాడాండీ? వంకాయ వాడికి పడదు, దద్దుర్లొస్తాయి.

నీకొక అక్క ఉందని ఎన్నాళ్ళకి గుర్తొచ్చిందిరా! మీ బావ పోయినప్పుడు నువ్వు రాలేదు. కానిస్టేబుల్ చేత పూలచక్రం పంపావు. దాని మీద నీ పేరు, నీ హోదా, నీ ఆఫీసు, అన్నీ ఉన్నాయి. పోయినాయన పేరు లేదు. తీసుకెళ్ళి గేదెల కొట్టంలో పడేశాను. అవి కూడా మూతి పెట్టలేదు.

ఇక నీ పని సంగతి. బోదె గట్టు తగువా? ఎవరితోరా? అది నాన్న ఉండగానే పెద్దమనుషుల్లో తీరిపోయింది. పోనీ ఉందనే అనుకుందాం. బెజవాడ సీఐకి మా ఊరి బోదె గట్టుతో ఏం పని? జీవితమంతా దొంగల చేత అబద్ధాలు చెప్పించినవాడివి, నీ సొంతానికి ఒకటి తిన్నగా అల్లుకోవడం చేతకాలేదా?

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. మూడు కార్లేసుకుని వచ్చావు. బతికుండగానే అమ్మ పక్కన నీకోసం నల్లరాయి పరిపించుకుని, పేరు చెక్కించుకుని, పుట్టిన తేదీ వేయించుకుని, రెండో తేదీకి ఖాళీ వదిలి, దాన్ని ఫాదర్ గారి చేత దీవింపజేయడానికి వచ్చావు. ఊరంతా తమ వాళ్ళ సమాధులకి సున్నాలేసుకుని, కొవ్వొత్తులు వెలిగించుకుంటుంటే, నీ పోలీసులు “జరగండి, జరగండి” అని ముసలీముతకా అందర్నీ నెట్టారు. ఫాదర్ గారు తీర్థం చల్లుతుండగా నీ గన్‌మన్ వచ్చి నీ చెవిలో ఏదో ఊదాడు. నువ్వు నా దగ్గరికొచ్చి “అక్కా, నా ఫోన్లో చార్జింగ్ లేదు, నీది ఓసారి ఇయ్యి” అన్నావు. ఇచ్చాను. గోడ దగ్గరికెళ్ళి మాట్లాడావు. ఫోను తిరిగిచ్చి, మళ్ళీ కొవ్వొత్తి పట్టుకుని ఫొటో తీయించుకున్నావు.

కాబట్టి ఆ కాలు నాది కాదు బాబూ, నీది. ఇంతకీ చచ్చిపోయింది ఎవడ్రా? నీ ఉత్తరంలో సాయిగణేష్ పేరుంది, లాయరు పేరుంది, నీ పేరైతే డిగ్రీతో సహా ఉంది. పోయినవాడి పేరు లేదు. నాట్లు పడుతున్నాయి, కూలీలు చేల్లో నాకోసం చూస్తున్నారు. అబద్ధమైనా సరే, ఏ విత్తనమో తెలియకుండా నేను చల్లను.

పక్షుల మాట నిజమే. అమ్మ రాయి మీద కూడా వేస్తాయి. వాటికి ఐపీఎస్ ఎవరో తెలీదు పాపం.

అమల

*

జైలు, విజయవాడ
ఆగస్టు

అక్కా,

నీకు మతుందా? పోస్టులో వెయ్యొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. నీ ఉత్తరం చింపి, చదివి, ముద్ర కొట్టి మరీ ఇచ్చాడు జైలర్. ఇస్తూ “ఇవాళ వంకాయ కాదు సార్, దొండకాయ” అన్నాడు. ఒకప్పుడు నా గది బయట చేతులు కట్టుకు నిలబడ్డవాడు! వాడి ముసిముసి నవ్వు చూసి నాకు గొంతు పిసికెయ్యాలనిపించింది. నీవల్ల నా పరువు గంగలో కలిసింది. ఫోను మాట వాడు పైకి చేరవెయ్యకుండా ఆపడానికి లాయరు గారు నానా తంటాలు పడ్డారు.

చచ్చినవాడి పేరు నీకెందుకు? మన చుట్టమా, పక్కమా? ఆటోనగర్‌లో వర్కుషాపు పనివాడు. దొంగ కారు వాడి షెడ్డులో దొరికింది. ఆ కారు మామూలు వాళ్ళది కాదు, పేరు రాయలేనంత పెద్దాయనది. తెల్లారితే చాలు, “ఏమైంది, దొంగలు దొరికారా?” అని నాకు ఫోను. విజయవాడలో ఆడపిల్లలు రెండో ఆట సినిమా చూసి ధైర్యంగా నడిచి ఇంటికెళ్ళారంటే అది నా చలవ. బందరు రోడ్డు పొడుగునా నాకు ఫ్లెక్సీలు కట్టారు. గన్నవరంలో విమానం దిగితే దండలు పట్టుకుని నిలబడేవారు జనం. నువ్వెప్పుడైనా చూశావా? మినపచేలో కూర్చునేదానికి ఏం తెలుస్తుంది!

పోలీసు పనంటే జపమాల తిప్పుకోవడం కాదు. నీకు అర్థమయ్యేట్టు చెప్తాను విను. ఒకణ్ణి పట్టుకొచ్చిన వెంటనే ఎవరూ అరెస్టు చూపించరు. చూపిస్తే మర్నాడే కోర్టులో నిలబెట్టాలి. అందుకని ముందు అడగాల్సింది అడుగుతారు. పని అయ్యాక ‘ఇవాళే పట్టుకున్నాం’ అని కాగితం మీద చూపిస్తారు. చూపించేదాకా వాడు మా దగ్గర లేనట్టే లెక్క. నేను సర్వీసులోకి రాకముందునుంచీ ఉన్న పద్ధతి ఇది. నేనేదో కనిపెట్టినట్టు నన్నొక్కణ్ణీ పట్టుకుని ఏడుస్తున్నారు.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకో. ఫోను నీ పేరు మీదుంది. “మాట్లాడింది మా తమ్ముడు” అని నువ్వంటే, “నువ్వెందుకిచ్చావు, ఏం విన్నావు, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు” అని అది నీ మెడకే చుట్టుకుంటుంది. ఆడవాళ్ళ జైలు ఎలా ఉంటుందో నాకు తెలుసు, నీకు తెలీదు. ఈ వయసులో సిమెంటు గచ్చు మీద పడుకోగలవా? ఆలోచించుకో. సాయిగణేష్‌ది మన పక్క ఊరే, అందుకని బోదె గట్టు మాట అతుకుతుంది. నీ తెలివితేటలు చూపించక చెప్పింది చెయ్యి.

ఈసారి జవాబు గుమాస్తా చేతికే.

బాలశౌరి

*

మన ఊరు, వయా చల్లపల్లి
సెప్టెంబరు

ఒరే శౌరీ,

నన్నే బెదిరిస్తున్నావా! నీకు ముక్కు చీదడం నేర్పినదాన్నిరా నేను. సిమెంటు గచ్చు మీద పడుకోలేనా? మీ బావ మంచంలో ఉన్నన్నాళ్ళూ ఆసుపత్రి వరండాలో చాప కూడా లేకుండా పడుకున్నాను. నువ్వు వచ్చుంటే చూసేవాడివి.

వాళ్ళొచ్చారు, ఇద్దరు. మర్యాదస్తులే. మజ్జిగిచ్చాను, తాగారు. నువ్వు దాచిన పేరు వాళ్ళు చెప్పారు. యేసుబాబు. రూతు కొడుకు.

రూతు గుర్తుందా నీకు? కాలవ అవతల పేటలో పిల్ల. ఆ పేటలోనే మేనత్త కొడుక్కిచ్చారు, తర్వాత బతుకుతెరువుకి బెజవాడ పోయారు. మన చేలో నాట్లేసేది. నువ్వు ఐపీఎస్ అయ్యావని ఊళ్ళో ఊరేగిస్తే, లంగాలో బంతిపూలు పోసుకొచ్చి నీ మీద చల్లిన పిల్ల. “మా తమ్ముణ్ణి ఓ మాట అడిగి చెప్తానండీ” అని దర్యాప్తువాళ్ళ దగ్గర గడువు తీసుకున్నాను. నిన్ను అడిగేముందు రూతునే అడుగుదామని మర్నాడు బస్సెక్కి ఆటోనగర్ వెళ్ళాను.

లారీ బాడీల మధ్య, గ్రీజు మడుగుల్లో చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని అడుక్కుంటూ పోయాను. పనివాళ్ళ మెస్సులో వంట చేస్తోంది. నన్ను చూసి “అమలమ్మ గారా! రండమ్మా” అని కొంగుతో స్టూలు తుడిచి వేసింది. నేను నీ అక్కనని తెలిసే వేసింది. ఇంకో మనిషైతే గరిటె కాల్చి వాత పెట్టును. నాకు అక్కడే సగం ప్రాణం పోయింది.

దానికి వాడొక్కడే కొడుకు. కార్లకి సొట్టలు తీసే పని. ఎవరో బంపరు బాగుచెయ్యమని కారు వదిలిపోయారు. అది దొంగ కారని వాడికేం తెలుస్తుంది? నువ్వు చొక్కా కుట్టించుకుంటే దర్జీ నీ ఊరూ పేరూ అడుగుతాడా? వాణ్ణి పట్టుకెళ్ళిన రోజునుంచీ రూతు అన్నం క్యారేజీ పట్టుకుని ఆ స్టేషన్ ముందు కూర్చుంది. “మా దగ్గర లేడమ్మా, పో” అన్నారట. లోపల్నుంచి దగ్గు వినపడుతోంది. “అది మావాడి దగ్గేనండీ, చిన్నప్పటినుంచీ వాడికి అంతేనండీ” అంటే, “ఎవడి దగ్గయితే నీకేంటి” అని గేటు మూశారట. తల్లికి బిడ్డ దగ్గు తెలీదురా? ఒకరోజు ఆ దగ్గు ఆగిపోయిందట.

తర్వాత గుర్తు తెలియని శవం అని రాసి కాల్చేశారు. వాడి మెళ్ళో గుణదల మాత పతకం ఉందిరా. గుడ్డివాడు తడిమినా తెలుస్తుంది, కిరస్తానీ బిడ్డని. పాతిపెట్టాల్సిన బిడ్డని కాల్చారు. తల్లికి గుప్పెడు బూడిదైనా ఇవ్వలేదు. “పోయినేడు సమాధుల పండక్కి ఊరొచ్చానమ్మా. సున్నం బక్కెట్టు పట్టుకుని ఎక్కడ పుయ్యాలో తెలీక, మా అత్తగారి సమాధికే రెండు పూతలు ఎక్కువేసి వెళ్ళిపోయాను” అంది. ఏడవలేదు. కూరలో ఉప్పు చూసుకుంటూ చెప్పింది. నేనే ఏడ్చాను, ఆ పనివాళ్ళందరి ముందూ.

ఇప్పుడు విను. ఆ రోజు గోడ దగ్గర నువ్వు మాట్లాడుతుంటే, ఫోను తీసుకుందామని నేను నీ వెనకే నిలబడ్డాను. “చూపించనివాణ్ణి ఆసుపత్రికి ఎట్టా తీసుకెళ్తావయ్యా? ఉండనీ, తెల్లారేసరికి వాడే సర్దుకుంటాడు” అన్నావు. ఆ మాటకి నాకు అర్థం తెలీలేదు. ఎవరి గొడవో, మనకెందుకులే అనుకున్నాను. చూపించడమంటే ఏమిటో పోయిన ఉత్తరంలో నువ్వే పాఠం చెప్పావు. నీ పాఠం చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

కంచే చేను మేసిందిరా. ఆ మాట అన్నావా లేదా? అదొక్కటే రాయి. దొండకాయ గురించి వద్దు.

అమల

*

జైలు, విజయవాడ
అక్టోబరు

అక్కా,

అన్నాను.

గుమాస్తా బయట నిలబడ్డాడు, పెన్ను కూడా అతనిదే. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రూతు కొడుకని నాకు తెలీదు. మేరీమాత మీద ఒట్టు. తెలిస్తే అలా జరగనిచ్చేవాణ్ణి కాదు.

నా మాట కూడా విను. ఆ రోజు వాడు రక్తం కక్కుతున్నాడని కబురొచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు పేరు రాస్తాడు, దెబ్బలెక్కడివని అడుగుతాడు. అప్పుడు అరెస్టు చూపించాలి. చూపిస్తే ఆ దెబ్బలతోనే మర్నాడు కోర్టులో నిలబెట్టాలి. సాయిగణేష్‌కీ, కానిస్టేబుళ్ళకీ పెళ్ళాం పిల్లలున్నారు, అందరి ఉద్యోగాలూ పోయేవి. నేను నా వాళ్ళని కాపాడుకున్నాను. నేను కొట్టలేదక్కా. నా చెయ్యి వాడి మీద పడలేదు. వాడి మొహమైనా నేను చూడలేదు. అదే సాయిగణేష్ ఇప్పుడు నన్ను అమ్మేశాడు. ఏరు దాటాక తెప్ప తగలేశాడు.

అమ్మని పాతిపెట్టిన రోజు నీకు గుర్తుందా? మట్టి వేస్తుంటే నేను గోతిలోకి దూకబోయాను. నువ్వు నిక్కరు పట్టుకుని లాగి, “ఇప్పుడు కాదురా నాన్నా, పెద్దయ్యాక నువ్వూ అమ్మ పక్కకే వద్దువుగాని” అన్నావు. నేను అది మర్చిపోలేదు. ట్రైనింగులో ఉన్నా, అడవుల్లో డ్యూటీ చేసినా, నా మీద బాంబు వేసినప్పుడు కూడా, పోతే అమ్మ పక్కకి పోతాన్లే అనుకునేవాణ్ణి. ఆ రాయి అందుకే వేయించుకున్నాను. గొప్పకి వేయించాడని ఊరనుకుంది. నువ్వూ అలాగే అనుకున్నావు.

యావజ్జీవం పడితే ఇక్కడే పోతాను. సుస్మిత రాదు, జెస్సికా రాదు. ఎవరూ రాకపోతే జైలువాళ్ళే ఎక్కడో కప్పెట్టేస్తారు. నాకు ఉద్యోగం వద్దు, పేరు వద్దు. ఆ చోటుకి నన్ను చేర్చు. ఒక్క అబద్ధం అక్కా. ఫాదర్ గారి దగ్గర తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకుంటే పోతుంది. నన్ను పెంచింది నువ్వు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

శౌరి

*

మన ఊరు
అక్టోబరు

శౌరీ,

గుర్తుంది. నిక్కరు పట్టుకుని లాగిన చెయ్యి ఇదే.

నీ ఉత్తరం చదివి ఒక పూట మంచం దిగలేదు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు, నీ గుణం నాకు తెలుసు. అయినా సాక్ష్యం చెప్పకుండా తప్పించుకుందామా అని కూడా అనుకున్నాను. కానీ రూతు కొడుకని తెలిస్తే జరగనిచ్చేవాణ్ణి కాదన్నావు చూడు, అక్కడ నువ్వు నాకు దొరికిపోయావు. రూతు కొడుకు కాకపోతే? ఇంకో తల్లి కొడుకైతే ఫర్వాలేదన్నమాట!

సోమవారం కోర్టుకెళ్ళి జడ్జిగారి ముందు విన్నది విన్నట్టు చెప్తాను. నా మెడకి చుట్టుకుంటే చుట్టుకోనీ.

నీ ఉత్తరాలన్నీ పొయ్యిలోనే పెట్టాను. ఎవరికీ చూపించలేదు. నా నోరు చాలు.

అమల

*

జైలు, విజయవాడ
అక్టోబరు

అమలమ్మ గారికి,

ఇక దాచేదేమీ లేదు కాబట్టి పోస్టులోనే వేస్తున్నాను. జైలర్ గారు కూడా చదువుకుని సంతోషించవచ్చు.

మీ సాక్ష్యం పుణ్యమా అని నా బెయిలు కొట్టేశారు. కోర్టులో మీరు నా వైపు ఒక్కసారి కూడా చూడలేదని లాయరు గారు చెప్పనక్కర్లేదు, నేను చూశాను. జడ్జిగారు అడగని మాటలు కూడా చెప్పారు. చప్పట్లు కొట్టించుకున్నారు. పేట వాళ్ళలో మీ పేరు మోగిపోతోందట.

నాకు అక్క లేదు. మీరు పోతే నాకు కబురు చెయ్యవద్దు, నేను పోతే మీరు రావద్దు. ఒక్క హెచ్చరిక. ఆ రాయి నాది. ఆ చోటు నాది. నేను బతికున్నా చచ్చినా దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. వేస్తే, ఇక్కడినుంచే కేసు పెట్టిస్తాను. నాకు ఇంకా మనుషులున్నారు.

బాలశౌరి

*

మన ఊరు, వయా చల్లపల్లి
నవంబరు, సమాధుల పండగ మర్నాడు

శౌరీ,

కేసు పెడతానన్నావుగా. నీకు ఇబ్బంది లేకుండా వివరాలు నేనే రాస్తున్నాను, రాసుకో. ముద్దాయి అమలమ్మ. నేరం, రాయి తిరగేయడం. సాక్షులు, ఊరంతా.

నీ ఉత్తరం వచ్చిన రోజే ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళాను. “ఆ చోటు ఎవరిదండీ?” అంటే, “చర్చిది. మీ అమ్మగారి వారసులకని మీ నాన్నగారు అడిగి ఉంచుకున్నారు. ఇప్పుడు ఊళ్ళో ఉన్న వారసురాలివి నువ్వే” అన్నారు. “అయితే రూతు కొడుక్కి ఇస్తానండీ” అన్నాను. ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. “శరీరం లేదు కదమ్మా” అన్నారు. “పేరుంది కదండీ” అన్నాను. సరేనన్నారు.

మన పెదనాన్న మనవలు ఇంటి మీదకొచ్చారు. “గోడ లోపలికి పేట వాళ్ళని తెస్తావా? తాత ఆ గోడ ఎందుకు కట్టించాడనుకున్నావు?” అని కేకలు. మన వాళ్ళు గోడకి ఇవతల, వాళ్ళు అవతల, చచ్చాక కూడా. నాకు తిక్క రేగి, “మీలో ఎవడి పక్కనైనా ఐజీని పడుకోబెట్టుకుంటారా? పేపర్లో చూశాక ఒక్కడైనా జైలుకెళ్ళి వాణ్ణి పలకరించారా? నోళ్ళు మూసుకోండి” అన్నాను. చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. నువ్వు పోయాక నీ మీద కప్పడానికి వాళ్ళ దగ్గర దుప్పటి కూడా లేదురా. తెలుసుకో.

రాయి చెక్కేవాణ్ణి అవనిగడ్డ నుంచి పిలిపించాను. నీ పేరు చెరిపెయ్యమంటారా అన్నాడు. వద్దు, తిరగెయ్యి అన్నాను. నలుగురు పట్టి తిప్పారు. నీ పేరు, నీ డిగ్రీ, నీ పుట్టిన తేదీ అన్నీ భద్రంగా మట్టి వైపు ఉన్నాయి. వెనకవైపు నునుపు లేదు, అందుకని యేసుబాబు పేరు కొంచెం గరుగ్గా వచ్చింది. రూతు వేలితో ఒక్కో అక్షరమూ తడిమి చూసి, “బాగుందమ్మా, చేతికి తగుల్తోంది” అంది.

బూడిద లేదు కాబట్టి వాడి పనిచొక్కా తెచ్చింది. ఉతకలేదు, గ్రీజు వాసనేస్తోంది. దాన్ని చిన్న గుంటలో పెట్టి మట్టి కప్పాం. ఆటోనగర్ నుంచి వాడితో పనిచేసినవాళ్ళు ఒక లారీ కట్టుకుని వచ్చారు. ఒక్క పోలీసు కూడా లేడు. ఎవరూ ఎవర్నీ జరగమనలేదు. ఫాదర్ గారు వాడి పూర్తి పేరు పిలిచి తీర్థం చల్లారు. అప్పుడు ఏడ్చింది రూతు. రెండేళ్ళది ఒక్కసారే ఏడ్చింది. దాన్ని పట్టుకోడానికి నా బలం చాల్లేదు.

తర్వాత సున్నం బక్కెట్టు తీసింది. “నల్లరాయికి సున్నమేమిటే, మరకలు పడితే పోవు” అన్నాను, నీ మాటే. “పోకపోతేనే మంచిదమ్మా” అని రాయంతా తెల్లగా పూసేసింది. ఆ చేత్తోనే అమ్మ సమాధికి కూడా ఒక పూత వేసింది. నేను కాదనలేదు.

నీకు చోటు లేకుండా చేశానని అనుకోకు. నిన్ను చివరిదాకా చూసుకుంటానని అమ్మకిచ్చిన మాటొకటి నా నెత్తి మీద ఉంది. గోడ అవతల, కాలవ గట్టు వైపు, రూతు అత్తగారి పక్కన ఒక మనిషికి సరిపడా ఖాళీ ఉంది. అది యేసుబాబు కోసం వాళ్ళు అట్టేపెట్టుకున్న చోటు. ఇప్పుడు వాడికి దానితో పనిలేదు. అందుకని సిగ్గు విడిచి నేనే అడిగాను. “రూతూ, ఎప్పటికైనా మావాడు పోతే ఆ చోటు ఇస్తావా?” అన్నాను.

సున్నం కుంచె కడుక్కుంటోంది. కుంచె విదిలించి బక్కెట్టులో పెట్టింది. చివరికి “ఆలోచించి చెప్తానమ్మా” అంది.

నేను తొందరపెట్టలేదు. నువ్వూ తొందరపడకు.

అక్క